రిమోట్ ఏరియా ఎంత దూరం

గ్రేస్ అక్కకు,

నీకు నర్సు ఉద్యోగం వచ్చిన ఊరు రిమోట్ ఏరియా అని ఆఫీసుల అన్నరంట. పక్కింటి త్రిమూర్తులు అంకులేమో "మస్తు ఇంటీరియర్" అన్నడు. ఆ రెండు మాటలకే నాన్న భయపడి, నిన్ను పంపనన్నడు.

నువ్వు పెద్దమ్మ ఇంట్ల ఉండంగ, ఎవ్వలకు చెప్పకుంట మొన్న నేను ఆ ఊరికి పోయిన. మన ఉప్పల్ల బస్సెక్కి, భువనగిరిల ఇంకో బస్సు మారి, దిగినంక గంట నడిచిన. దవాఖానకు తాళమేసి ఉంది. అరుగు మీద ఒక అవ్వ పసిపిల్లను ఒళ్లె ఏసుకొని కూసుంది. "నర్సమ్మ ఎప్పుడొస్తది బిడ్డా?" అన్నది. ఆ నర్సు మా అక్కనే, నాన్న పంపుతలేడు అని చెప్పనీకె సిగ్గయింది. ఉప్పల్ నుంచి వచ్చిన అని మాత్రం అన్న.

"అయ్యో, గంత దూరంల ఎట్లుంటున్నరు బిడ్డా?" అన్నది.

ఇంటికొచ్చి నాన్నకు గదే చెప్పిన. ఇప్పుడు అటక మీదున్న నీ ట్రంకుపెట్టె దించి దుమ్ము తుడుస్తున్నడు.

నీ తమ్ముడు