మూడు పాయల బెల్టు

శనివారం, రాయపూర్

"టైమింగ్ బెల్టు మార్చడమంటే జడ అల్లడం కాదమ్మా" అన్నారు బావగారు, పోయిన ఆదివారం చర్చి గేటు దగ్గర. అందరూ నవ్వారు. అన్నగారి మాట కదా, మా ఆయనా నవ్వాడు.

ఇవాళ మా కారుకి మా వాకిట్లోనే మార్చాను. పాతది తీసేముందు పుల్లీల మీద, వాటికి ఎదురుగా ఇంజన్ మీద నా నెయిల్‌పాలిష్‌తో చుక్కలు పెట్టుకున్నాను. కొత్తది ఎక్కించి పానాతో తిప్పి చూస్తే చుక్కకి చుక్క కుదిరింది. కారు వెంటనే స్టార్టయింది. బెల్టుని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ బోల్టు గట్టిగా బిగించానా లేదా అన్నదే ఇంకా పీకుతోంది...

రేపు అభన్‌పూర్‌లో ప్రార్థనకి వెళ్ళడానికి బావగారికి కారు కావాలట. ఇస్తాను, కానీ నడిపేది నేనే. క్షమించడం సంగతి ఎల్లుండి చూసుకుంటాను. పాత బెల్టుని మూడు పాయలుగా కోసి వెనక సీట్లో పెట్టాను. అభన్‌పూర్ చేరేలోపు బావగారినే జడ అల్లి చూపించమంటాను.