అండాలమ్మ ఏం మొక్కింది?

అరేయ్ క్రాంతిగా,

ఒకే గదిలో ఉంటూ ఉత్తరాలేందని నవ్వకు. నేను ఎల్బీనగర్ పార్సిల్ గోదాం నుంచి వచ్చేసరికి నువ్వు దిల్‌సుఖ్‌నగర్ చీరల షాపు పార్కింగ్‌కు పోయి ఉంటవ్. నువ్వొచ్చేసరికి నేను పోతా. గోదాం గేటు కాడ ఫోన్లు గుంజుకుంటరు. ఉన్నది ఒక్క పరుపు, నీ చెమట మీద నేను పండుకుంటున్న. అందుకే ఇది అన్నం గిన్నె మూత కింద పెడుతున్న.

శివరాత్రికి శ్రీశైలం నడిచిపోదాం, ఇద్దరం. మా అమ్మ మొక్కు. ఆమె పోయి ఏడాది నిండింది, ఇగ తీర్చాలె. శివరాత్రికి నెల కూడా లేదు.

ఇట్లు,
మహేందర్

తా.క.: కూర మాడింది. మాడినదంతా అడుక్కు జరిపిన. మీదిది తిను.

---

మహేందర్‌కు, నీ పరుపులో సగం కిరాయిదారు రాసేది.

మీదిది కూడా మాడిందే.

నా కాలు సంగతి మర్సినవా? ఎల్బీనగర్ చౌరస్తాల ఎవడో లీడర్ బర్త్‌డే ఫ్లెక్సీ కడుతూ పడ్డ. పుట్టినరోజు వానిది, చావు నాది. కాంట్రాక్టర్ నన్ను దవాఖాన గేటు కాడ దింపి, ఫ్లెక్సీ చినిగిందని ఏడ్చుకుంట పోయిండు. తొడల రాడ్ ఉంది. మెట్రో మెట్లెక్కితే మోకాలు పాత తలుపు లెక్క మొత్తుకుంటది. ఈ కాలుతోని నల్లమల అడవి దాటాల్నా? పైగా చర్చికి పోయేటోణ్ని. మీ మల్లన్న నన్ను చూసి ఏమనుకుంటడు?

అసలు అండాలమ్మ పెద్దమ్మ ఏం మొక్కింది? నీకు పర్మినెంట్ కొలువా? రాలే. సొంతిల్లా? లేదు. తీరని మొక్కుకు నడుసుడేంది?

ఇట్లు,
క్రాంతి కుమార్

తా.క.: చెప్పులు వేసుకోవచ్చా? ఊరికే అడుగుతున్న.

---

క్రాంతిగానికి,

తీరిన మొక్కే. ఏందన్నది నీకెందుకు? అమ్మ చెప్పొద్దన్నది. సూపర్‌వైజర్ సాయినాథ్ కాళ్లు పట్టుకునుడొక్కటే తక్కువ, లీవ్ ఇచ్చిండు. పరేషాన్ చెయ్యకుండ రా. చెప్పుల్లేవు.

మహేందర్

తా.క.: కోపంలో రాసిన. గుడ్డు నీకే ఉంచిన.

---

పెండ్లికొడుకా,

నాకు దాస్తవా? చెప్పొద్దన్నదంటే పిల్ల సంగతే. మా షాపు పక్కన చీరలకు ఫాల్ కుట్టే జ్యోతిక. పెద్దమ్మ ఆమెకు తొక్కు పంపేది, నేను చూడలేదా? ఇయ్యాల పోయి చెప్పిన: “చెల్లె, మా పెద్దమ్మ మొక్కు తీరిందట. నువ్వు ఒప్పుకున్నవట. మస్తు సంతోషం.”

ఆమె సూది పక్కన పెట్టింది. “అన్నా, ఒప్పుకున్నదెవరు? నాకు వేరే సంబంధం ఖాయమైంది. మీ మొక్కు తీరలే. ఇంట్ల కూసోండ్రి” అన్నది.

వాళ్లన్న రాజు అక్కడే ఉన్నడు.

నీ శ్రేయోభిలాషి,
క్రాంతి

తా.క.: రాజు నీ గోదాం అడ్రస్ అడిగిండు. పెండ్లి కార్డు ఇస్తడేమోనని చెప్పిన.

---

నీ పేరు రాయబుద్ధి అయితలే.

రాజు వచ్చిండు. కార్డు తేలే. గేటు కాడ నా కాలర్ పట్టిండు. లొల్లికి లోడింగ్ ఆగింది. సాయినాథ్ లీవ్ కొట్టేసిండు, పోతే మళ్ల రావద్దన్నడు. అయినా పోతా. కానీ నువ్వు రాకుంటే నేను పోయి ఫాయిదా లేదు.

మహేందర్

తా.క.: అంగీ గుండీలు ఊడినయి. కుట్టుమని జ్యోతికను అడగలేం.

---

మహేందర్,

జ్యోతిక సంగతి నా తప్పే. కానీ నాకు ఒళ్లు మండుతున్నది. ఉన్న ఒక్క పని పోగొట్టుకుంటవా? పండ్ల మార్కెట్ గడ్డిఅన్నారం నుంచి పోయినంక పెద్దమ్మ పని కూడా పోయింది. ముసలితనంల ఇండ్లల్ల బాసన్లు తోమింది. ఆ దేవుడు ఆమెకు ఏమిచ్చిండురా? ఆమె ఏమన్నా అడగనీ, నీ బతుకు కంటే ఎక్కువదైతే కాదు. మీ మల్లన్నకు చెప్పు: ఆ సరుకు మాకొద్దు, వాపస్ తీసుకో అని.

నేను రాను.

క్రాంతి

తా.క.: అన్నం వండలే. వండబుద్ధి కాలే.

---

క్రాంతీ,

నువ్వు ఐసీయూల ఉన్ననాడు మా అమ్మ దవాఖాన మెట్ల మీద కూసున్నది. రక్తమంటిన నీ చెప్పులు ఒళ్లో పెట్టుకొని మొక్కింది: “పిలగాడు లేస్తే నా కొడుకును నడిపిస్త. ఈ పిలగాణ్ని కూడ తెచ్చి నీకు చూపిస్త.”

నువ్వు లేసినవ్. నెలకు ఆమె పండుకున్నది, లేవలే. చెప్తే రుణపడ్డననుకుంటవని చెప్పొద్దన్నది.

వాపస్ తీసుకొమ్మన్నవ్ కదా, ఆ సరుకు నువ్వేరా.

మహేందర్

తా.క.: నేనే వండిన. మాడలే.

---

అన్నా,

మాడింది. అంతా తిన్న.

షాపోడు సెలవియ్యనన్నడు. పార్కింగ్ విజిల్ వాని చేతిలో పెట్టి వచ్చిన. ఇప్పుడు ఇద్దరం బేకార్. ఆదివారం పొద్దున ఎల్బీనగర్ చౌరస్తాల, నేను పడ్డ కాడ కలుద్దాం. అక్కడ ఇప్పుడు వేరే లీడర్ ఫ్లెక్సీ ఉంది, దాని కింద నిలబడకు. చెప్పులు ఇంట్లనే వదిలి వస్తా. నా కాలు మొండికేసిన కాడ నువ్వు మొయ్యాలె. పార్సిల్ అనుకో.

పెద్దమ్మ ఒళ్లో పెట్టుకున్న ఆ చెప్పులు నేను దవాఖాన నుంచి వచ్చిన్నాడే పారేసిన. తెల్వక.

ఇట్లు,
క్రాంతి

తా.క.: మా అమ్మ సారమ్మకు ఫోన్ చేసి ఇదంతా చెప్పిన. చాలాసేపు ఏడ్చింది. తర్వాత నెమ్మదిగా బయటపెట్టింది. అదే రోజు, అదే దవాఖాన, వెనక మెట్ల మీద ఆమె కూడా మొక్కిందట, నన్ను మెదక్ చర్చిదాక నడిపిస్తనని. తోడుకు నీ పేరే ఇచ్చిందట. శ్రీశైలం ఒక దిక్కు, మెదక్ ఇంకో దిక్కు. నన్ను ఎవరు బతికించిండ్రో వాళ్లల్ల వాళ్లు తేల్చుకునేదాక మన బతుకు నడకే.