ఎల్లారావు పెరట్లో ఉల్లి

సీతమ్మధార,
4-2-1979

కామరాజు బావకు, ఎల్లారావు నమస్కారాలు.

పోర్టులో క్రేను తిప్పేవాడు ఉల్లి పండిస్తే వాడింటికొచ్చి భోంచేస్తానని నారు ఇస్తూ అన్నావు, గుర్తుందా? నేను పొలం వదిలి ఉద్యోగానికి వచ్చిన దగ్గర్నుంచీ నువ్వు నా గడప తొక్కలేదు. ఇక బయలుదేరు. పెరట్లో నీ ఉల్లిని చూడటానికి వీధి వీధంతా వస్తోంది. యారాడ నుంచి చేపలు తెచ్చే అప్పాయమ్మ గంప దించి, "ఓలమ్మో, ఇదేటి బాబూ!" అని అలా నిలబడిపోయింది.

నీ బావమరిది,
ఎల్లారావు

తా.క.: ఆమె నిలబడినంతసేపూ పిల్లి గంపలోనే ఉంది.

తగరపువలస,
9-2-1979

చిరంజీవి ఎల్లారావుకు బావ దీవెనలు.

అదిరా నా నారు గొప్పతనం! ఊరంతా చెప్పేశాను. గడ్డ ఊరాక తడి పనికిరాదు, నీళ్ళు ఆపెయ్. నేను వచ్చేదాకా ఒక్కటీ పీకకు. ఎంత లావున్నాయో వెంటనే రాయి.

కామరాజు

తా.క.: "మా తమ్ముడు కోతలు కోత్తన్నాడు" అంటోంది మీ అక్క దేముడమ్మ. నేను మాత్రం నమ్మాను. గోనెసంచులు ఎన్ని తేను?

సీతమ్మధార,
14-2-1979

బావకు నమస్కారాలు.

ఒక్కొక్కటి నా పిడికిలంత ఉంది. తెల్లగా, గుండ్రంగా! చీకటి పడ్డాక కూడా వంటింటి కిటికీలోంచి కనిపిస్తాయి. మా ఫోర్‌మన్ చెప్పులు విడిచి మరీ పెరట్లోకి దిగాడు. నిన్న సముద్రపు గాలికి అన్నీ కలిసి ఊగుతుంటే నాకు కళ్ళు చెమర్చాయి.

ఎల్లారావు

తా.క.: గోనెసంచులు దేనికి?

తగరపువలస,
19-2-1979

ఎల్లారావూ,

దీవెనలు తర్వాత. నేనిచ్చింది ఎర్ర ఉల్లి నారు. తెల్లగా ఎలా ఉంటాయి? మట్టిలో ఉన్న గడ్డ కిటికీలోంచి కనిపించడమేమిటి, గాలికి ఊగడమేమిటి? ఓరి పిచ్చోడా, అవి పువ్వులు! పువ్వు వస్తే గడ్డ ఊరదని రైతుబిడ్డవై ఉండి మర్చిపోయావా? ఈ ఉత్తరం అందగానే తుంచి పారెయ్. తుంచకపోతే నీ ఇంట మెతుకు ముట్టను.

కామరాజు

తా.క.: నీ ఉల్లి మోసుకొద్దామని ఇద్దరు సంచులతో మా అరుగు మీద కూర్చున్నారు. వాళ్ళకేం చెప్పను?

సీతమ్మధార,
24-2-1979

బావకు నమస్కారాలు.

కత్తి పట్టుకునే వెళ్ళాను. దగ్గరికెళ్తే అది ఒక్క పువ్వు కాదు బావా. ఒక్కో బంతిలో లెక్కపెట్టలేనన్ని చిన్న పువ్వులు, ప్రతి రేకు మీదా సన్నని ఆకుపచ్చ గీత. ఎవరు గీశారో! ఓడల్లోంచి టన్నుల ఇనుము ఎత్తేవాణ్ని, ఆ కాడ మీదికి నా చెయ్యి లేవలేదు. నువ్వు రాకపోతే నాకు చాలా బాధ. అయినా తుంచలేను.

ఎల్లారావు

తా.క.: మా ఆవిడ చిలకమ్మ నీ పక్షమే. పులుసులోకి ఉల్లి బజార్లో కొంటోంది.

తగరపువలస,
7-3-1979

చిరంజీవి ఎల్లారావుకు బావ దీవెనలు.

గురువారం నువ్వు డ్యూటీలో ఉండగా మీ ఇంటికి వచ్చాను. నీ చేత కాకపోతే నేనే తుంచి పోదామని పెరటి తలుపు తీశాను. మీసాలు రాకముందు నుంచీ ఉల్లి పండిస్తున్నానురా. విత్తనం సంతలో కొనడం, మొగ్గ కనిపిస్తే తుంచడం, అంతే. ఒక్కదాన్నీ విచ్చుకోనివ్వలేదు. నా పంట మొహం నేనే ఎన్నడూ చూడలేదు. "ఏటన్నయ్యా, అలాగుండిపోనారు?" అంది చిలకమ్మ. ఒక్కటీ తుంచకుండానే చేతులు కడుక్కున్నాను. భోజనం పెడితే బుద్ధిగా కూర్చుని తిన్నాను. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నది నేనే, ఆమెను ఏమీ అనకు.

కామరాజు

తా.క.: మా మడిలో ఒక వరుస తుంచకుండా వదిలేశాను. విత్తనానికని మీ అక్కకు చెప్పాను. రోజూ తెల్లవారగానే వెళ్ళి చూస్తున్నాను. ఈవేళ మొదటి మొగ్గ విచ్చింది. నేను వెళ్ళేసరికే మీ అక్క అక్కడ నిలబడి ఉంది.