నాలుగు గంటలు చాలనుకున్నాను

జనవరి 6, సోమవారం

శుక్రవారం కోల్డ్ చాంబర్‌లో పెట్టిన ఎలక్ట్రొలైట్ సీసా తీయడం మరిచిపోయాను. ఇవాళ చూస్తే అడుగున తెల్లటి పలుకులు. మా కొత్త బ్యాటరీలో పోసే ద్రవమే అది. అలాంటి బ్యాటరీలు పది, కొండ మీది పది అంబులెన్సుల్లో ఊపిరి మెషిన్లకు ట్రయల్‌గా వెళ్లి వారమైంది. అందులో ఒక బండిలో నర్సు మా అక్క.

మా ల్యాబ్ పెద్ద సార్‌కి చూపించాను. కోపం ఎప్పుడు ఎక్కుతుందో ఎప్పుడు దిగుతుందో తెలియదు కనుక ల్యాబ్‌లో ఆయన్ని పాదరసం అంటాం. సీసా సరిగా కడిగి ఉండవు, గోరంతను కొండంత చేయకమ్మా అన్నారు.

కడిగాను. నేనే కడిగాను.

జనవరి 7, మధ్యాహ్నం 2

ఉదయం పదింటికి కొత్త సీసా పెట్టాను. మైనస్ ఇరవైలో నాలుగు గంటలు. తేటగా ఉంది. చూశావా అని సార్ నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. మళ్లీ లోపల పెట్టేశాను.

జనవరి 8, సాయంత్రం 4

ముప్పై గంటలు. పలుకులు.

ఇందులో రెండు సాల్వెంట్లు, అంటే ఉప్పును కరిగించే ద్రవాలు, కలుపుతాం. ఒకటి చిక్కనిది. లిథియం ఉప్పును చుట్టుముట్టి, అందులో అతుక్కుని ఉండే ప్లస్, మైనస్ కణాల జంటను విడదీస్తుంది. విడిపోతేనే కరెంటు పారేది. కానీ చలికి గడ్డకట్టే గుణం దానిది. రెండోది పల్చన. చలికి ఓర్చుకుంటుంది కానీ విడదీసే సత్తువ లేదు. చిక్కనిది నెమ్మదిగా గడ్డకట్టి పక్కకు తప్పుకుంటే, ఉప్పు మళ్లీ జంటలు కట్టి కూర్చుంటుంది. బ్యాటరీ నిండుగానే ఉంటుంది, ఇవ్వడానికి చేతులే రావు.

ఇదంతా నాలుగు గంటల్లో జరగదు. ఆ బండ్లు రెండేసి రోజులు మంచులో నిలబడతాయి.

నాలుగు గంటల టెస్ట్ చాలని ప్రోటోకాల్ రాసింది ఎవరు? నేనే. చాంబర్ కోసం అందరూ నెత్తిన కూర్చుంటే తొందరపడి రాశాను. కింద నా సంతకం.

4.40

పది బ్యాటరీలూ వెనక్కి తెప్పించాలి అన్నాను. శుక్రవారం రివ్యూలో మాట్లాడదాం, అంతదాకా నోరు మెదపకు, సంతకం నీదే కదా, నీకే మంచిది కాదు అన్నారు సార్. మెల్లగా అన్నారు. అరిచినా బాగుండేది.

5.15

అక్కకు ఫోన్ చేశాను. ఆ మెషిన్‌ని నమ్మకు, చలికి ఆగిపోవచ్చు అన్నాను. అదేమిటే, మా చెల్లి చేసిన బ్యాటరీ అని కనబడినవాళ్లందరికీ చెప్పుకు తిరుగుతున్నానే అంది. నేను ఏడ్చాను. అక్క గొంతు మారిపోయింది. ఏడుపు తర్వాత, ముందు ఎంతసేపు పనిచేస్తుందో చెప్పు అంది. తెలియదన్నాను. చేత్తో నొక్కి ఊపిరి అందించే బ్యాగ్ పక్కన సీటు మీదే పెట్టుకుంటాను, మిగతా తొమ్మిది బండ్లకూ నేనే చెబుతాను, ఫోన్ పెట్టెయ్ అంది.

హాస్పిటల్‌కీ బ్యాటరీలు తయారుచేసే కంపెనీకీ మెయిల్ పంపాను. తప్పు నాది అని మొదటి లైన్‌లోనే రాశాను. సార్‌కి కాపీ.

జనవరి 9

పొద్దుటి నుంచి అక్క ఫోన్ ఎత్తడం లేదు.

జనవరి 10, శుక్రవారం

అక్క వాళ్ల బండి డ్రైవర్ చెబితే తెలిసింది. నిన్న పొద్దున కొండ మీద ఒక పెద్దావిడ ఊపిరాడక పడిపోయింది. దగ్గర్లో ఉన్నది అక్క వాళ్ల బండి ఒక్కటే. అది రెండు రోజులుగా మంచులో ఉంది. మెషిన్ ఆరు నిమిషాలు నడిచి ఆగిపోయింది. అక్క బ్యాగ్ అందుకుని నొక్కడం మొదలుపెట్టింది. దారిలో చెట్టు విరిగిపడితే పక్కకు లాగడానికి అరగంట. కాసేపు చెయ్యి మారుస్తానని డ్రైవర్ అంటే, నువ్వు దారి చూడు, ఊపిరి నేను చూసుకుంటాను అందట. మొత్తం గంటా పది నిమిషాలు నొక్కింది.

పెద్దావిడ బతికింది.

సాయంత్రం అక్క ఫోన్ చేసి ఒక్క ముక్కే అంది. బ్యాగ్ సీటు మీద లేకపోయి ఉంటే వెతుక్కునే టైం ఉండేది కాదే.

రివ్యూలో లేచి నిలబడి అంతా చెప్పాను. సార్ ఆగమన్న సంగతీ చెప్పాను. బ్యాటరీలు వెనక్కి వస్తున్నాయి. విచారణ అయ్యేదాకా నన్ను ల్యాబ్‌లోకి రావద్దన్నారు.

జనవరి 11, మధ్యాహ్నం

అక్క మా ఇంట్లో సోఫా మీద నిద్రపోతోంది. కుడిచేత్తో దుప్పటి అంచు పట్టుకుని నొక్కుతోంది, వదులుతోంది. మళ్లీ నొక్కుతోంది.

ఆ చేతిని పట్టుకుని ఆపబోయాను. కానీ ఆపలేదు, నొక్కనిచ్చాను.