తూత్‌జార్ సందులో నీరు రాదని నేను చెప్పిన మాట రద్దు చేయుట గురించి

నవ్‌దరా పురపాలక కార్యాలయం, మురుగు కాలువల విభాగం అధికారి గారి సముఖమునకు,

తూత్‌జార్ సందు, 17వ నంబరు ఇంటి కాపురస్తుడు, రిటైరైన బస్సు మెకానిక్ ఖోలిక్‌నజర్ అష్రఫోవ్ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: విదేశీ బ్యాంకు అప్పుతో వేసిన కాలువను మా సందు మీదుగా ఏటి దాకా, అనగా మరి నూట నలభై మీటర్లు, పొడిగించుట గురించి, మరియు సర్వే కాగితములో నా పేరిట ఉన్న మాటను కొట్టివేయుట గురించి.

1. సదరు అప్పుతో పై వీధులన్నిటిలో పాత మట్టి కాలువలు తీసి సిమెంటు కాలువలు కట్టినారు. రోడ్డు మూరెడు ఎత్తు లేపినారు. పని బాగున్నది, వంక పెట్టను. అయితే ఆ కాలువ మా సందు మొదట్లో ఆగిపోయినది. ఆ సంగతి నీటికి ఎవరూ తెలియజేయలేదు గనుక అది ఆగలేదు. మార్చి వానలు మొదలైన నాటి నుండి పై వీధుల నీరంతా మా సందులోకి దిగి, మా ఇళ్ళు రోడ్డుకు పల్లమున ఉండుటచేత, వాకిళ్ళలో నిలిచిపోవుచున్నది.

2. మాది మట్టి గోడల ఇల్లు. వెనుక గది గోడ మోకాలెత్తు వరకు నానిపోయినది. వేలు పెడితే దిగుతున్నది. ఆ గోడ పక్కనే నా భార్య ఓయ్‌జమోల్ మంచం ఉన్నది. రెండేళ్ళ క్రితం పక్షవాతం వచ్చి ఆమెకు ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయినవి. ఇంట్లో పొయ్యి ఉన్న గది అదొక్కటే. పక్క గదిలోకి మారిస్తే చలికి దగ్గు ఆగదు. ఆ గోడ కూలితే ఆమె మీదనే కూలుతుంది. నాకు భయంగా ఉంది అయ్యా. ఈ అర్జీలో ముఖ్యమైన సంగతి ఇంతే, మిగతాది కార్యాలయ పద్ధతి ప్రకారం వ్రాయుచున్నాను.

3. గత నెల నేను పెట్టుకున్న అర్జీకి తమ కార్యాలయం ఇచ్చిన జవాబు: మీ సందు అప్పు ఒప్పందంలో లేదు, చేర్చుటకు బ్యాంకు సమ్మతి కావలెను, అందుకు సర్వేలో ఇబ్బంది నమోదై ఉండవలెను, సర్వేలో మీ సందుకు ఎదురుగా "నీటి ఇబ్బంది లేదు, నివాసులు తృప్తిగా ఉన్నారు" అని ఉన్నది.

నిజమే. ఆ మాట చెప్పినవాణ్ణి నేనే.

4. అది ఎట్లు జరిగినదనగా, మూడేళ్ళ క్రితం బ్యాంకు వారు చూడటానికి వస్తున్నారని మా పేటకు, అంటే మహల్లాకు, పెద్ద అయిన దవ్రోన్ ఇంటింటికీ తిరిగి చెప్పాడు. "పరాయి దేశం వాళ్ళు మన గుమ్మం తొక్కుతున్నారు. ఈ బురద చూస్తే ఏమనుకుంటారు? మన పరువేం కాను?" అన్నాడు. వెంటనే హషర్ పెట్టుకున్నాము. పెళ్ళికైనా చావుకైనా ఇరవై రెండిళ్ళ వాళ్ళం కూలి మాట లేకుండా కలిసి చేసుకునే పని అది. రెండు రోజులు బురద ఎత్తాము, గుంటల్లో కంకర పోశాము, గోడల మీది నీటి మరకలకు సున్నం కొట్టాము. సున్నం కుంచె పట్టింది కూడా నేనే.

మర్నాడు వాళ్ళు వచ్చారు. మా వాకిట్లోనే భోజనాలకు దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచాము. పులావు ఓయ్‌జమోల్ వండింది, అప్పటికి ఆమె చేతులు రెండూ బాగున్నవి. వచ్చినవాళ్ళలో ఒక అమ్మాయి దుబాసీ చేత అడిగించింది.

"తాతా, వానొస్తే ఇంట్లోకి నీళ్ళొస్తాయా?"

అయ్యా, తమరూ ఈ ఊళ్ళో పుట్టినవారే. ముద్ద చేతిలో పెట్టుకున్న అతిథి ముందు మన ఏడుపు ఏకరువు పెడతామా?

"నీళ్ళా? మాకేం తల్లీ, చల్లగా ఉన్నాం. ముందు నువ్వు తిను, చల్లారిపోతోంది" అన్నాను. ఆమె నవ్వి రాసుకున్నది. నేను ఇంకొంచెం మాంసం వడ్డించాను.

5. ఇప్పుడు దవ్రోన్‌ని అడిగితే, "నోరారా చెప్పింది నువ్వే కదన్నా, నన్నంటావేం?" అంటున్నాడు. బ్యాంకుకు వ్రాయిస్తే పురపాలక కార్యాలయాన్ని అడగమన్నారు. అనగా తమరినే. ఆ అప్పు తీర్చే వాటా మాత్రం మా నీటి బిల్లులోనూ పడుతున్నది. అక్కడ మా సందు లేదని ఎవరూ అనలేదు.

6. పూర్తయిన పని చూడటానికి బ్యాంకు వారు ఈ గురువారం మళ్ళీ వస్తున్నారని తెలిసినది. ఈసారి నిజమే చెప్పుటకు నిశ్చయించుకున్నాను. అద్దం ముందు నిలబడి "వస్తాయమ్మా, మోకాలి దాకా వస్తాయి" అని అభ్యాసం కూడా చేయుచున్నాను. ఓయ్‌జమోల్ మంచంలోంచి నవ్వుతున్నది. "ఏమయ్యా, అద్దానికి చెప్పడానికే ఇన్ని నీళ్ళు నములుతున్నావు, మనిషికేం చెబుతావు?"

కావున నా పాత మాటను చెల్లనిదిగా నమోదు చేసి, కాలువ పొడిగింపుకు ఉత్తరువులు ఇప్పించి, నా భార్యను కాపాడవలసినదిగా ప్రార్థన. చిత్తగించవలెను. చిత్తగించి పక్కన పెట్టవద్దు.

తమ విధేయుడు,
ఖోలిక్‌నజర్ అష్రఫోవ్

తా.క. కవరు అంటించకముందే, మంగళవారం నాడే వాళ్ళు వచ్చేశారు. ఈసారి వేరే అమ్మాయి. నేనే చెయ్యి పట్టుకొని వెనుక గదిలోకి తీసుకుపోయాను. గోడ చూసింది. మొహం మారిపోయింది. దుబాసీ చేత మా ఆవిడను అడిగించింది, "ఇక్కడ ఎలా ఉంటున్నారమ్మా?" అని.

ఓయ్‌జమోల్ మంచి చేత్తో దుప్పటి పైకి లాగి తడి మరకను కప్పేసింది. "గోడా? మా ముసలాయన బిందె ఒలకబోశాడు తల్లీ. నిలబడ్డావేం, కూర్చో. ఏమయ్యా, పిల్లకు టీ పొయ్యవా?"

నేను నోరు తెరిచాను. టీ పోశాను.

బుధవారం నేను రొట్టెలకు వెళ్ళి వచ్చేసరికి గోడ కూలింది. ఇరుగుపొరుగు ఆమెను పైకి తీశారు. ప్రాణం ఉన్నది. మిగిలిన ఆ ఒక్క చెయ్యి విరిగింది. ఇప్పుడు పక్కింట్లో ఉన్నది, ఎవరు పలకరించినా "బాగానే ఉన్నాను" అంటున్నది.

అయ్యా, ఒక్క మనవి. తమరు విచారణకు వస్తే అతిథిగా రావద్దు. గుమ్మంలో సలాం చెప్పవద్దు, కూర్చోవద్దు, టీ ముట్టవద్దు. పోలీసు వచ్చినట్టు వచ్చి, "ఒరేయ్ ముసలోడా, ఎందుకు అబద్ధం చెప్పావురా?" అని నలుగురిలో నా కాలరు పట్టుకోండి. అప్పుడైతే చెప్పగలను.