పసుపు అంటిన రెక్క

ముక్కామల జనార్దనరావు అనే నేను, బాపట్ల వ్యవసాయ కళాశాలలో కీటకశాస్త్రం చెప్పి రిటైరై, ప్రస్తుతం ఐర్లండ్‌లోని కాజిల్‌బార్‌లో మా అమ్మాయి శ్రావ్య ఇంట ఉంటూ, డెబ్బై నాలుగో ఏట, పూర్తి తెలివితో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా రాసిన వీలునామా ఇది. కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతకడాన్ని మతి తప్పడం కింద జమకట్టవద్దు. దీన్ని అమలు చేసే బాధ్యత అల్లుడు వెంకట్‌ది.

1. మైక్రోస్కోపు మనవరాలు చరితకు. ఏం చెప్పినా "గ్రాండ్, తాతా" అంటుంది; ఇక్కడి వాడుకలో "బాగుంది" అని. దీనికీ అదే అంటుంది. లెన్సు మాత్రం చొక్కా అంచుతో తుడవరాదు.

2. తొంభై నాలుగులో నా మంచి భూతద్దం పట్టుకెళ్ళిన సహోద్యోగి శ్యాం, దాన్ని ఉంచుకోవచ్చు. నేను క్షమించానని మాత్రం ఎవరూ ఆయనకు చెప్పవద్దు.

3. అద్దం మూత ఉన్న చిన్న పెట్టె, అందులో సూదికి గుచ్చిన వడ్లగింజంత రెక్కలపురుగు, నా భార్య శ్యామలాదేవికి. 1979లో, చదువుకునే రోజుల్లో, తూర్పు అమెరికా ఓక్ అడవిలో నా చేత్తో పట్టినది.

ఆమెకే ఎందుకో చెప్పాలి. పోయినేడు ఆయుధపూజకి కారుకీ, మిక్సీకీ, వెంకట్ లాప్‌టాప్‌కీ పసుపు కుంకుమ పెట్టి, "ఈయనకి అన్నం పెట్టింది ఇదే కదా" అని పెట్టె తెరిచి పురుగుకీ పసుపు పెట్టింది. నేను నోటికొచ్చినట్టు అరిచాను. పదకొండు రోజులు ఆమె నాతో మాట్లాడలేదు.

తర్వాత మెయ్‌నూత్ యూనివర్సిటీ నుంచి వచ్చిన ఒక ప్రొఫెసరు, పురుగుని శుభ్రం చేసి తమ సేకరణలో పెడతామన్నాడు. సరే అనబోతూ ఒక్కసారి మైక్రోస్కోపు కింద చూశాను. రెక్క నిండా బంగారు పొలుసులు, వాటి మధ్య పసుపు. ఏది పురుగుదో, ఏది శ్యామలదో చెప్పలేకపోయాను. నలభై అయిదేళ్ళుగా చూస్తున్నాను, అంత అందంగా అది ఎప్పుడూ లేదు. ఇవ్వనన్నాను.

ఆ సంగతి ఆమెకి చెప్పలేదు. ఈ దసరాకి ఇల్లంతా బొట్లు పెట్టుకుంటూ వచ్చి, నా గది గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి వెళ్ళిపోయింది. నా ప్రాణం ఉసూరుమంది.

4. కనుక ఆ రెక్కను ఎవరూ, ఎన్నటికీ తుడవరాదు. తప్పు నాదే, శ్యామలా.

5. వీలునామా మనిషి పోయాక చదివేది. నాకంత ఓపిక లేదు. సంతకాలు కాగానే ఆమెను కూర్చోబెట్టి నేనే చదువుతాను.

కాజిల్‌బార్, 9 నవంబరు 2025
(సం.) ముక్కామల జనార్దనరావు

సాక్షులు:
డెబోరా, పక్కింటి టీచరు
మోజెస్, ఎదురింటి నర్సు

సంతకాల తర్వాత చేర్చినది: ఈ కాగితం పై మూలనున్న పసుపు మరక దిద్దుబాటు కాదు. నా భార్య పెట్టిన బొట్టు. సాక్షులు చూస్తుండగానే పెట్టింది; పక్కన ఇద్దరూ పొడి సంతకాలు చేశారు.