పెట్టె మీద రెండు దెబ్బలు

నవంబరు 9, ఆదివారం

బావకూ అక్కకూ నమస్కారాలు. మీరు క్షేమమని నీ ఉత్తరం చూడగానే తెలిసింది; అక్షరాల్లో కొవ్వు ఏమాత్రం తగ్గలేదు.

వచ్చే నెల నీ సన్మాన సభకు రమ్మన్నావు. వేదిక మీద నీ పక్కన నవ్వుతూ కూర్చుంటే చాలు, మాట్లాడక్కర్లేదన్నావు. ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి నా పొగరు ఇంకా దిగలేదనీ రాశావు. వస్తాను. నీ కొత్త పుస్తకం చదివాకే ఆ నిర్ణయానికొచ్చాను.

అందులో మన పరిశోధనశాలలోని గోడలతో సహా అన్నీ ఉన్నాయి, నేను తప్ప. అది పోనీ. చింపాంజీ మహారాణికీ, మూడేళ్ల నా కూతురికీ మనం పెట్టిన పరీక్షను మాత్రం వదలను. గాజు పెట్టె మీద నువ్వు కర్రతో రెండు దెబ్బలు కొట్టి, తర్వాత సొరుగు లాగి చాక్లెట్ తీశావు. ఆ కొట్టడం దండగని గాజులోంచి కనిపిస్తూనే ఉంది. మహారాణి కర్ర అవతల పారేసి నేరుగా సొరుగు లాగింది. నా కూతురు రెండు దెబ్బలూ కొట్టింది. మధ్యలో నువ్వు దగ్గావని అదీ దగ్గింది! నువ్వు పొట్ట పట్టుకుని నవ్వి, బామ్మర్దీ, నీ పిల్లకంటే కోతికే బుర్రుందిరా అన్నావు. ఇన్నేళ్లకు ఆ వెటకారాన్నే సిద్ధాంతం చేసి అచ్చేయించావు.

మహారాణికి చాక్లెట్ కావాలి బావా. పిల్లకు నువ్వు కావాలి. పెద్దవాడు చేశాడంటే ఏదో ఉండే ఉంటుందని నమ్మి, అర్థం కానిదాన్ని కూడా పుచ్చుకుంది. అలా పుచ్చుకోబట్టే మనిషికి భాష వచ్చింది. నీళ్లను నీళ్లనే ఎందుకనాలని ఏ పిల్లా అడగదు. అమ్మ అంది, తనూ అంటుంది. కారణం చెబితేగానీ నోరు విప్పనని భీష్మించుకుని ఉంటే, మనమిద్దరం ఈపాటికి ఏ కొమ్మ మీదో పేలు చూసుకుంటూ ఉండేవాళ్లం. మహారాణి తెలివి మహారాణితోనే పోయింది. దాని పిల్ల మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టుకుంది.

ఈ మాట అప్పుడే అన్నాను. కవిత్వం ఆపి బోను కడిగించు అన్నావు.

నవ్వుతూ కూర్చోవడానికి ఇంకెవరినైనా చూసుకో. నేను మాట్లాడతాను. మైకు లాక్కుంటే మైకు లేకుండానే మాట్లాడతాను.

నీ మాట ఏనాడూ వినని
బావమరిది

తా.క.: ఫోన్ ఎత్తనిది పొగరుతో కాదు. ఎండాకాలంలో పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. మీకు చెప్పొద్దన్నది నేనే. అమ్మాయి రోజూ ఎదురుగా కూర్చుని ఒక్కో మాట అంటుంది; దాని పెదవులు చూసి నేను అంటాను. అది తల ఎత్తితే ఎత్తుతాను, కళ్లు పెద్దవి చేస్తే నేనూ చేస్తాను. నాన్నా, అదంతా ఎందుకు, మాట చాలు కదా అంటుంది. ఏది అవసరమో ఏది కాదో నాకేం తెలుసు? అన్నీ చేస్తేనే మాట వస్తోంది. ఇప్పటికి రెండు మాటలు తడబడకుండా అనగలను: అది తప్పు. నీ సభకు అవి చాలు.